వేడిని దాచుకునే పెంక

మా అత్తమ్మది మానుకోట. బోర్డుల మీద మహబూబాబాద్ అని ఉంటుంది కానీ ఆమె నోట ఎప్పుడూ మానుకోటే. జనగామలో మేం కట్టుకున్న కొత్త ఇంటికి వచ్చిన రోజు ఆమె నేరుగా వంటింట్లోకి నడిచింది. పొయ్యి పక్కన గ్రానైటు బండను కోసి అందులోకి దించిన ఇనుప పలక దగ్గర ఆగింది. దానికి కాడ లేదు, కింద మంట కనబడదు, ఎత్తి పక్కన పెట్టే వీలు లేదు.

"గిదేందే బిడ్డా, పెంకను బండల పాతిపెట్టిన్రు?" అంది.

పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 40, మందం ఒక సెంటీమీటరు. అడుగున 2 కిలోవాట్ల కరెంటు కాయిల్. ముందు వైపు తిప్పే మీట, పక్కన చిన్న ఎర్ర దీపం. ఒకేసారి రెండు దోశలు పోయొచ్చని, పండక్కి పదిమంది వచ్చినా ఇబ్బంది ఉండదని పెట్టించుకున్నాం. మొదటి పది రోజులు దాని మీద వేసిన ప్రతిదీ పాడైంది. దోశలు చిరిగాయి. జొన్నరొట్టెలు అట్టముక్కల్లా బిగుసుకున్నాయి. సర్వపిండి సంగతి తర్వాత చెప్తాను, అది పెద్ద కథ. పిండిలో తేడా లేదు, రుబ్బినవాళ్లు మారలేదు. మారింది ఒక్కటే, పెంక బరువు.

ఇంట్లో అందరికీ తెలిసిన పాత పెంక ఒక జానెడు పైన వెడల్పు, మూడు మిల్లీమీటర్ల మందం. తూకం వేస్తే కిలో చిల్లర. కొత్తదాన్ని తూకం వేయలేం కాబట్టి లెక్క కట్టాను. ఒక ఘన సెంటీమీటరు ఉక్కు 7.85 గ్రాములు తూగుతుంది. పొడవు, వెడల్పు, మందం హెచ్చవేస్తే 2,400 ఘన సెంటీమీటర్లు, అంటే దగ్గర దగ్గర 19 కిలోలు.

కిలో ఇనుము ఒక డిగ్రీ వేడెక్కాలంటే 0.45 కిలోజౌళ్ల వేడి కావాలి. కిలోజౌల్ అంటే ఎంతో చేతికి తెలియాలంటే ఇలా అనుకోవచ్చు: లీటరు నీళ్లను ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.2 కిలోజౌళ్లు పడుతుంది. వంటింటి వేడి 30 డిగ్రీలు, దోశకు కావలసిన వేడి 200 డిగ్రీలు అనుకుందాం. పాత పెంకకు దాదాపు 90 కిలోజౌళ్లు చాలు. కొత్తదానికి 1,450. గ్యాసు పొయ్యి మీద పాతది నిమిషంలో కాగేది. ఇదేమో 2 కిలోవాట్ల కాయిల్‌తో, గాలిలోకి పోయే వేడిని కూడా కలుపుకుంటే, పావుగంట తీసుకుంటుంది. మేం రెండు నిమిషాలు ఆగి, చెయ్యి పైన పట్టి, "కాగింది" అనుకొని పిండి పోసేవాళ్లం. అప్పటికి పలక 60 డిగ్రీలు కూడా దాటి ఉండదు. ఆ వేడికి పిండిలోని గంజిపదార్థం ఉడకదు, ఇనుముకు అతుక్కొని కూర్చుంటుంది.

ఆలస్యమవుతోందని మీటను చివరిదాకా తిప్పడం మా రెండో తప్పు. కాయిల్ ఇచ్చే వేడి అంతే ఉంటుంది, అది ఎక్కడ ఆగాలో మాత్రమే మీట నిర్ణయిస్తుంది. బండిలో వేగం పెంచే మీటలాంటిది కాదది. చివరిదాకా తిప్పితే పలక త్వరగా కాగదు, ఆగాల్సిన చోట ఆగకుండా పోతుంది. అత్తమ్మ స్నానం చేసి వచ్చేలోపు నూనె పొగలు చిమ్మింది. తగ్గిద్దామని మీటను వెనక్కి తిప్పితే అరగంటైనా ఆ వేడి దిగదు. మంట తగ్గించగానే మాట వినే పెంకతో ముప్పై ఏళ్లు వండిన మనిషికి ఇది మొండిఘటంలా కనబడింది. "దీనికి మీద ఒకటి, లోపల ఒకటి" అంది. భౌతికశాస్త్రంలో ఇంతకంటే బాగా చెప్పిన మాట నాకు గుర్తులేదు.

ఇప్పుడు దోశ వైపు నుంచి చూద్దాం. గరిటెడున్నర పిండి 80 గ్రాములు. అందులో 30 గ్రాముల నీళ్లు ఆవిరైతేనే దోశ కరకరలాడుతుంది. గ్రాము నీటిని ఆవిరి చేయడానికి 2.26 కిలోజౌళ్లు. అంతకుముందు పిండి మొత్తాన్ని మరిగే వేడికి తేవాలి. రెండూ కలిపితే 90 కిలోజౌళ్ల దగ్గర తేలుతుంది. పైన పాత పెంక లెక్కలోనూ ఇదే అంకె వచ్చింది. అంటే కిలో పెంక దాచుకున్న వేడంతా ఒక్క దోశే తినేస్తుంది. అందుకే దాని కింద మంట ఆగకూడదు. అక్కడ వంట చేసేది మంట, పెంక మధ్యలో అందించే చెయ్యి మాత్రమే. పందొమ్మిది కిలోల పలక మీద అదే దోశ వేస్తే మొత్తం పలక పది డిగ్రీలు చల్లారుతుంది, అంతే. ఇక్కడ వంట చేసేది ముందే నింపి పెట్టుకున్న నిల్వ.

ఈ లెక్క చేసి నేను సంబరపడ్డాను. మరునాడు వేసిన మొదటి దోశ బంగారంలా వచ్చింది, అదే చోట పోసిన రెండోది తెల్లగా, మెత్తగా వచ్చింది. లెక్కలో ఎక్కడో తేడా ఉంది.

తేడా ఏమిటంటే, పలకంతా ఒక్కటై ఆ దోశకు వేడి ఇస్తుందని నేను అనుకున్నాను. వేడి అంత చురుగ్గా పక్కకు నడవదు. 1822లో ఫ్రాన్సులో జోసెఫ్ ఫోరియే వేడి ప్రయాణానికి రాసిన గణితం నుంచి ఒక విచిత్రమైన నియమం వస్తుంది: దూరం రెండింతలైతే సమయం నాలుగింతలు, పదింతలైతే వందింతలు. సాధారణ ఉక్కులో వేడి ఒక సెంటీమీటరు దాటడానికి ఏడెనిమిది సెకన్లు పడుతుంది. పది సెంటీమీటర్లు దాటడానికి పన్నెండు పదమూడు నిమిషాలు. అంటే పలక అడుగు నుంచి పైకి వేడి క్షణాల్లో వస్తుంది కానీ, ఈ మూల నుంచి ఆ మూలకు చేరేలోపు టిఫిన్లే అయిపోతాయి. కాబట్టి దోశకు వేడి ఇచ్చేది దాని కిందనున్న నాలుగు కిలోల ఇనుమే. కాయిల్ కొంత పూడుస్తుంది, అయినా ఆ గుండ్రటి చోటు ఇరవై ముప్పై డిగ్రీలు దిగిపోతుంది. కంటికి కనబడదు కానీ దోశ తీసేశాక దాని నీడ పలకలో ఉండిపోతుంది.

జనగామ బస్టాండు వైపు టిఫిన్ సెంటర్లలో దోశలు పోసేవాళ్లను ఎప్పుడైనా గమనించారా? వాళ్ల పలక ఇంకా పెద్దది, ఇంకా మందం. ఒక వరుస పోసి తీశాక, తర్వాతి దోశను సరిగ్గా అదే చోట పోయరు. కాస్త జరుపుతారు, లేదా కొంచెం ఆగుతారు. ఎందుకని అడిగితే చెప్పలేకపోవచ్చు. చేతికి తెలుసు.

వాళ్లు చేసే మరో పని నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది. పిండి పోసే ముందు చెంబుతో నీళ్లు చల్లుతారు, సుయ్యిమని ఆవిరి లేస్తుంది, చీపురుతో ఊడ్చేస్తారు, వెంటనే పిండి పోసి తిప్పుతారు. పెంకను శుభ్రం చేస్తున్నారనుకునేదాన్ని. ఉప్పు, నూనె మురికి పోయే మాట నిజమే, కానీ అసలు సంగతి వేరు. 200 డిగ్రీల ఇనుము మీద పిండి పడగానే అడుగు పొర గట్టిపడుతుంది. గరిటె తిప్పితే కదలదు, ముద్దలుగా లేచి వస్తుంది. బాగా కాగాక పోసిన మా దోశలు చిరిగింది అందుకే. అలాగని పలక మొత్తం చల్లగా ఉంటే కరకరలాడదు. తిప్పేటప్పుడు చల్లదనం కావాలి, తిప్పాక వేడి కావాలి. ఒకే పలక రెండూ ఎలా ఇస్తుంది?

చల్లిన నీళ్లు పై పొరను మాత్రం చల్లబరుస్తాయి. లోపలి సెంటీమీటరు అలాగే కాగి ఉంటుంది. లోపలి వేడి మళ్లీ పైకి రావడానికి ఆ ఏడెనిమిది సెకన్లు పడుతుంది. గరిటె మూడు చుట్లు తిప్పడానికి సరిగ్గా అంతే సమయం. పిండి పరుచుకోవడం అయ్యేసరికి అడుగు నుంచి వేడి వచ్చి అందుకుంటుంది. పలుచటి పెంక మీద ఇదే పని చేస్తే మొత్తం పెంకే చల్లారిపోతుంది. అత్తమ్మ అన్న "మీద ఒకటి, లోపల ఒకటి" తిట్టు కాదు, వాడుకోవలసిన గుణం. ఈ సంగతి అర్థమైన రోజు నేను ఇంట్లో నలుగురినీ పిలిచి చెప్పాను. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, దోశలు మాత్రం తిన్నారు.

నీళ్లు చల్లి వేడి చూసే అలవాటు ఇళ్లలోనూ ఉంది. మా అత్తమ్మ వేళ్లు తడిపి విదిలిస్తుంది. చుక్క పడ్డచోటే చుయ్యిమని ఇగిరిపోతే రొట్టెకు సరి. చుక్క గోళీలా ఉండకట్టి అటూ ఇటూ ఉరికితే "ఎక్కువైంది, జర ఆగు". ఎక్కువ వేడి మీద చుక్క త్వరగా ఆవిరి కావాలి కదా, ఎక్కువసేపు ఎందుకు బతుకుతుంది? 1756లో జర్మనీ వైద్యుడు యోహాన్ లైడెన్‌ఫ్రాస్ట్ నిప్పుల మీద ఎర్రగా కాల్చిన ఇనుప చెంచాలో నీటి చుక్క వేసి దీన్నే పరిశీలించాడు. ఇనుము బాగా కాగితే చుక్క అడుగు తాకకముందే ఆవిరై, ఆ ఆవిరి పరుపులా చుక్కను మోస్తుంది. ఆవిరి వేడిని సరిగా దాటనివ్వదు కాబట్టి చుక్క నిలుస్తుంది. వంట పెంకల మీద ఇది 200 డిగ్రీల చుట్టుపక్కల మొదలవుతుంది. నునుపును బట్టి, మురికిని బట్టి అటూ ఇటూ అవుతుంది. మా ఎర్ర దీపం ఆరిపోయిందంటే కాయిల్ దగ్గరున్న ఒక్క బిందువు చెప్పిన వేడి చేరిందని అర్థం. అత్తమ్మ వేళ్లు పలక నాలుగు మూలలూ అడిగి వస్తాయి. రెండింటిలో నేను నమ్మేది వేళ్లనే.

కొత్త ఇనుముకు నూనె పట్టించడం గురించి రెండు మాటలు. పల్లి నూనె పలుచగా రాసి, పొగ వచ్చేదాకా కాల్చి, తుడిచి, మళ్లీ రాశాం, నాలుగైదు సార్లు. నూనె అణువులు వేడికీ గాలికీ ఒకదానికొకటి ముడిపడి గట్టి నల్లటి పొరగా మారతాయి. అది జిడ్డు కాదు, ఒక రకం వార్నిషు. దాన్ని పీచుతో తోమి తెల్లగా మెరిపిస్తే మళ్లీ మొదటికొస్తుంది. మేం ఒకసారి ఆ పనీ చేశాం.

ఇనుమే ఎందుకు అన్న ప్రశ్న ఇంటికి వచ్చిన చుట్టం ఒకాయన వేశాడు. జనగామ పక్కనే పెంబర్తి ఉండగా ఇనుము కొనుక్కోవడమేమిటని ఆయన ఎగతాళి. పెంబర్తి విశ్వకర్మలు ఇత్తడి రేకును మలిచే పనికి పేరు మోసినవాళ్లు. కాకతీయుల నాటి గుడుల తొడుగుల దగ్గర నుంచి ఇవాళ్టి జ్ఞాపికల దాకా ఆ సుత్తి దెబ్బలే. వేడిని దాటించడంలో ఇత్తడి ఉక్కుకంటే రెండింతలు చురుకు కూడా. అయినా ఇత్తడి పెంక ఎక్కడా చూడం. వండే ఇత్తడి గిన్నెకు లోపల కళాయి పెట్టాలి, లేకపోతే పులుపు తగిలి చిలుము పడుతుంది. కళాయి అంటే తగరం పూత. తగరం 232 డిగ్రీలకు కరుగుతుంది. పప్పో పులుసో ఉడికే గిన్నె నీళ్లున్నంతసేపూ నూరు డిగ్రీల దగ్గరే ఉంటుంది, కళాయి క్షేమం. పొడిగా కాలే పెంక మాత్రం ఏమరుపాటున ఆ అంకె దాటేస్తుంది, కళాయి జారిపోతుంది. పెంబర్తి ఇత్తడి దేవుడికీ, నీళ్లకూ, పప్పుకూ. పెంక మాత్రం కమ్మరి కొలిమిది.

ఇనుము మాట వస్తే అత్తమ్మకు బయ్యారం గుర్తొస్తుంది. ఇనుప ఖనిజమున్న ఎర్రటి ఆ గుట్టలు ఇప్పుడు ఆమె జిల్లాలోనే ఉన్నాయి. 2014లో విభజన చట్టం వచ్చినప్పుడు అవి ఖమ్మం జిల్లాలో ఉండేవి, ఆ జిల్లాలో ఉక్కు కర్మాగారం పెట్టే వీలు చూడాలన్న మాట ఆ చట్టంలో ఉంది. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయినప్పుడు బయ్యారం మహబూబాబాద్‌కు వచ్చింది. కర్మాగారం మాత్రం రాలేదు. మా పలక ఏ ఊరి ఇనుమో మాకు చెప్పినవాళ్లు లేరు.

కరెంటు సంగతి మా మరిది ఎత్తాడు. అతనిది భూపాలపల్లి, సింగరేణి బాయిలో పని. "వదినా, నీ దోశకు నేను ఎంత బొగ్గు తవ్వాలె?" అని నవ్వాడు. లెక్క వేశాం. వాళ్ల ఊరి దగ్గర చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రం మొదటి దశ 500 మెగావాట్లు 2010లో, రెండోది 600 మెగావాట్లు 2016లో వచ్చాయి. మొత్తం 1,100 మెగావాట్లంటే మా పెంకలాంటివి అయిదున్నర లక్షలు ఒకేసారి వెలిగించొచ్చు. గ్రిడ్డులో కలిశాక ఏ యూనిటు ఎక్కడిదో తేల్చలేం కానీ, మన బొగ్గు కేంద్రాల్లో యూనిటు కరెంటుకు 600 నుంచి 700 గ్రాముల బొగ్గు పడుతుంది. ఆ బొగ్గు మంటలోని వేడిలో మూడో వంతే కరెంటుగా తీగలెక్కుతుంది. మిగతా రెండు వంతులూ పొగగొట్టంలోంచి, చల్లబరిచే గోపురాల్లోంచి పోతాయి. మా పలకను ఒకసారి కాగబెట్టడానికి అర యూనిటు. అంటే 300 గ్రాముల బొగ్గు, ఇంకా ఒక్క దోశ కూడా పోయకముందే.

ఇక్కడ నా అభిప్రాయం చెప్పేస్తాను. ఒక్క దోశకు 90 కిలోజౌళ్లు చాలినప్పుడు 1,450 కిలోజౌళ్లతో పలకను నింపడం దండగ. అది కాగి ఖాళీగా ఉన్నా గాలిలోకి అర కిలోవాటు పైన పారేసుకుంటూనే ఉంటుంది. ఇంట్లో ఇద్దరే ఉన్న రోజు మేం దాని మీద మూత పెట్టి, పాత పెంకను గ్యాసు మీదకు ఎక్కిస్తాం. ఇరవై దోశలు పోసే ఆదివారమే దాని లెక్క సరిపోతుంది. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు.

ఇక సర్వపిండి. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, కారం, ఉల్లిగడ్డ ముక్కలు, కరివేపాకు వేసి గట్టిగా కలిపి, గుండ్రటి అడుగున్న సర్వలో లోపలంతా చేత్తో అద్దుతారు. వేలితో రంధ్రాలు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్నటి మంట మీద ఉంచుతారు. వరంగల్లు చుట్టుపక్కల ఊళ్లలో వర్షం పడుతున్న సాయంత్రానికి ఇంకో పేరు అవసరం లేదు. గిన్నె పేరే తిండి పేరైంది.

అత్తమ్మ కొత్త పలక మీద మొదటిది అద్దింది, అది చల్లగా ఉన్నప్పుడే. పావుగంటకు పైగా పట్టినా బాగా కాలింది. రెండోదానికి చిక్కు వచ్చింది. కాగిన ఇనుము మీద చేత్తో అద్దలేం. అద్దినా తాకిన పొర అక్కడే ఉడికి బిగుస్తుంది, కిందినుంచి లేచే ఆవిరి పిండిని ఎత్తేస్తుంది, సందులు పడతాయి. చల్లటి గిన్నెలో అద్దినప్పుడు పిండి లోహాన్ని ఎక్కడా సందు లేకుండా పట్టుకుంటుంది, అందుకే అడుగంతా ఒకేలా ఎర్రబడుతుంది. అందుకే ఇళ్లలో ఒకటి తీయగానే సర్వను బోర్లించి నీళ్లు కుమ్మరిస్తారు. అరకిలో అల్యూమినియం సర్వ మోసేది 60 కిలోజౌళ్లే. చెంబుడు నీళ్లకు క్షణంలో చల్లారి మళ్లీ కొత్త గిన్నె అవుతుంది. దానికి గుర్తు పెట్టుకునే అలవాటు లేదు, సర్వపిండికి కావలసిందీ ఆ మరుపే.

పాత అలవాటున నేను పలక మీద చెంబుడు నీళ్లు కుమ్మరించాను. ఆవిరి మొహం మీదికి లేచింది. వెనక్కి జరిగాను కాబట్టి సరిపోయింది. పలక మధ్యలోంచి టప్పుమని శబ్దం వచ్చింది. పైభాగం ముడుచుకోవాలని, లోపలి భాగం అలాగే ఉండాలని పోట్లాడితే ఇనుము వంగుతుంది. ఇప్పటికీ ఒక మూల పోసిన నూనె మధ్యకు జారుతుంది. అంత పలకను 180 నుంచి 40 డిగ్రీలకు దింపాలంటే దాదాపు 1,200 కిలోజౌళ్లు తీసేయాలి. దాని మానాన వదిలేస్తే గంటకు పైగా పడుతుంది.

తడి బట్ట మీద అద్ది, పలక మీదికి బోర్లించి, బట్ట లాగేస్తే పని అవుతుందని నేను కనిపెట్టాను. నాకంటే ముందే ఎంతమంది కనిపెట్టారో. గాలి బుడగలు ఉంటాయి, కానీ కాలుతుంది. అత్తమ్మ ముక్క తుంచి నోట్లో వేసుకొని నమిలింది.

"మంచిగనే ఉంది. సర్వ లేకుంట సర్వపిండి ఎట్లయితది మరి?"

దానికి పేరు ఇంకా పెట్టలేదు.

జొన్నరొట్టె దగ్గర మాత్రం పందెం ఆమే గెలిచింది. జొన్నలో గోధుమలా సాగే జిగట లేదు. కాగే నీళ్లు పోసి కలిపితే 70 డిగ్రీల చుట్టుపక్కల గంజిపదార్థం ఉబ్బి, ఆ పిండిని అదే కట్టి ఉంచుతుంది. పెంక మీద వేయగానే పైభాగాన తడి చేత్తో నీళ్లు రాస్తారు. లేకపోతే అడుగు కాలేలోపు పైపొర ఎండి పగులుతుంది, తిప్పాక లోపలి ఆవిరి ఆ పగుళ్లలోంచి పోతుంది, రొట్టె పొంగదు. పగలకుండా మూసి ఉంటే గ్రాము నీరు చాలు, ఆవిరై లీటరున్నర పైన చోటు అడుగుతుంది. కట్టెల పొయ్యి దగ్గర ఆఖరి పొంగు నిప్పుల ఎదురుగా వస్తుంది. మాకు నిప్పులు లేవు. అత్తమ్మ బట్ట ముద్దతో రొట్టె అంచులు నొక్కుతూ, ఆవిరిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తోలుతూ పొంగించింది. చల్లారిన నీడను వదిలి, ప్రతి రొట్టెనూ కొత్త చోట వేసింది. ఫోరియే గురించి నేను చెప్పకముందే.

ఒక సాయంత్రం గాలివానకు కరెంటు పోయింది. పిండి కలిపి ఉంది, పలక అప్పుడే కాగింది, ఎర్ర దీపం ఆరింది. గ్యాసు ముట్టించబోతే అత్తమ్మ ఆపింది. పలక 200 నుంచి 150కి దిగేలోపు లోపలి నుంచి 425 కిలోజౌళ్లు వస్తాయి. గాలిలోకి పోయేది పోగా ఎన్ని రొట్టెలొస్తాయో చీకట్లో నేను లెక్కిస్తూ ఉన్నాను. ఆమె సెల్‌ఫోను వెలుతురులో రెండు వేసింది, తిప్పింది, తీసింది. పక్కకు జరిపి మళ్లీ రెండు వేసింది. అవీ పొంగాయి. అయిదోదాని కోసం వేళ్లు తడిపి విదిలించింది. చుక్కలు చుయ్యిమనలేదు, మెల్లగా బుడబుడమన్నాయి.

"అయిపోయింది. ఇగ గ్యాసు ముట్టియ్యి" అంది.